అత్తయ్యగారి కొబ్బరి చెట్టు, నా లాంగ్‌వేవ్ తీగ

మొన్న మురుగునీటి గొట్టం మార్పించడానికి మా పెరట్లో తవ్వకం పెట్టించాను. పనికి వచ్చినతను నాలుగు పారలు మట్టి తీసి, అయిదోసారి పార ఎత్తబోయి ఆగిపోయాడు. మట్టిలోంచి పచ్చగా చిలుము పట్టిన తీగ ఒకటి వేలెడంత బయటికి వచ్చి ఉంది. “బాబుగారూ, కింద లైనుందండీ. నే దిగనండీ” అని పార గోడకి ఆనించి ఒడ్డున కూర్చున్నాడు. అది కరెంటు తీగ కాదనీ, దానికి ఏ స్తంభంతోనూ సంబంధం లేదనీ, దాన్ని పాతినవాణ్ణి నేనేననీ చెప్పినా అతనికి నమ్మకం కుదరలేదు. చివరికి నేనే వంగి ఆ తీగను చేత్తో పట్టుకుని చూపించాల్సి వచ్చింది. వంటింటి గుమ్మంలోంచి చూస్తున్న మా ఆవిడ, “ఒకటి కాదు నాయనా, ఆ మట్టినిండా ఈయనగారి రాగే. ఏ మూల తవ్వినా ఏదో ఒకటి తగులుతుంది, భయపడకు” అంది.

నిజమే. పాతికేళ్ల కిందట, టెలిఫోన్ల శాఖలో నా ఉద్యోగం చివరికి వస్తున్న రోజుల్లో, ఈ పెరడంతా చిలగడదుంపల మడిలా పాయలు తీసి రాగి తీగ పాతాను. ఎందుకని అడిగినవాళ్లకి అప్పట్లో పొడిపొడిగా జవాబు చెప్పి తప్పించుకునేవాణ్ణి. ఇప్పుడు తీరుబడిగా చెప్పుకోవచ్చు. అలవాటు కొద్దీ ఆ ఏటి డైరీ పక్కన పెట్టుకునే రాస్తున్నాను గానీ, దాన్ని తెరవాల్సిన అవసరం పెద్దగా రావడం లేదు. ఆ రోజులు అంత బాగా గుర్తున్నాయి.

నా ఈడువాళ్లకి పెద్ద గాజు బల్బుల రేడియోలు జ్ఞాపకం ఉండే ఉంటాయి. కొత్తపేట దగ్గర మా ఊళ్లో నాన్నగారు ఒకటి కొన్నారు. హాల్లో గోడగూట్లో, మా అమ్మ కుట్టిన గుడ్డ ముసుగు కింద ఉండేది. దాని ముఖం మీద మూడు వరుసలు ఉండేవి. రెండు వరుసల్లో ముల్లు తిప్పితే మాటలూ పాటలూ వార్తలూ వచ్చేవి. మూడో వరుస, లాంగ్‌వేవ్ అని రాసి ఉన్నది, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఎన్నిసార్లు తిప్పినా హోరు తప్ప మరేమీ వచ్చేది కాదు. ఇదెందుకు పలకదని నాన్నగారిని అడిగితే, అది వేరే దేశాల వాళ్లకి, మనకి రాదు అన్నారు. రానిదాన్ని డబ్బాలో ఎందుకు పెట్టారన్నది ఆ వయసులో నాకు పెద్ద సందేహం. దాని మీద స్టేషన్ల పేర్లు కూడా రాసి ఉండేవి. ఊరికి దారి చూపే బోర్డు ఉండి దారే లేనట్టుగా తోచేది నాకు.

ఆ తర్వాత చదువూ, ఉద్యోగమూ, దానితో పాటు చుక్కలూ గీతలతో వార్త పంపే తంత్రీ లిపి నేర్చుకుని, పరీక్ష రాసి, అమెచ్యూర్ రేడియో లైసెన్సు సంపాదించుకోవడమూ అన్నీ జరిగాయి. ఇంట్లో కూర్చుని సొంత యంత్రంతో ఎక్కడెక్కడి దేశాల వాళ్లతోనో మాట్లాడవచ్చు. మొదట్లో నేనూ అందరిలాగే పొట్టి తరంగాల మీద మాట్లాడాను. అవి ఆకాశానికి ఎగిరి, అక్కడ తగిలి, దూరాన ఎక్కడో దిగుతాయి. అవతలివాడు దొరకడం అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది. పొడుగు తరంగం, అదే ఆ మూడో వరుస లాంగ్‌వేవ్, అలా కాదు. అది నేలను పట్టుకుని, నీటిని పట్టుకుని, చీమ నడిచినట్టు నడుస్తుంది. నాకు ఆ నడక నచ్చింది. ఆ పట్టీలో, అంటే బ్యాండులో, పరీక్షలు చేసుకోవడానికి అనుమతి కావాలని ఎన్నో అర్జీలు పెట్టగా, కడకు ఒక కాగితం వచ్చింది. ఆ రోజు మా ఆవిడ చేత పాయసం చేయించాను.

రాజమండ్రిలో ఉన్న తోటి అమెచ్యూర్లు మాత్రం నవ్వారు. మా మాట జపాను వెళ్లి తిరిగి వచ్చేలోగా మీ అక్షరం రావులపాలెం వంతెన దాటదండీ అన్నారు. వాళ్లన్నది మరీ అబద్ధమేమీ కాదు. ఈ తరంగం పొడవు రెండు కిలోమీటర్ల పైమాట. దానికి సరైన ఏరియల్ కట్టాలంటే అరకిలోమీటరు ఎత్తున స్తంభం నిలబెట్టాలి. నాకున్నదేమో అమలాపురంలో ఒక సందులో, అయిదు సెంట్ల స్థలంలో ఇల్లు పోగా మిగిలిన పెరడు. బావి, తులసికోట, స్నానాల గది, బట్టలుతికే రాయి పోను, మడత మంచం వేసుకునేంత జాగా మిగిలేది.

చోటు లేనివాడికి శాస్త్రం కొన్ని అడ్డదారులు చూపిస్తుంది. స్తంభం పొట్టిదైతే, పైన కొంత తీగను అడ్డంగా పరిచి, కింద ఒక పెద్ద చుట్ట చుట్టి, ఆ లోటును కొంత భర్తీ చేయవచ్చు. చుట్టంటే గడియారం స్ప్రింగంత అనుకునేరు. మా ఇంట్లో బియ్యం పోసుకునే ప్లాస్టిక్ డ్రమ్ము ఖాళీ చేసి, దాని మీద ఇనామిలు పూత ఉన్న రాగి తీగను వరసలు వరసలుగా, ఒక పోగు మీద మరో పోగు ఎక్కకుండా, సెలవు రోజులన్నీ కూర్చుని చుట్టాను. అది తడిస్తే పనికిరాదు. మన కోనసీమలో తడవని వస్తువేది? వరండాలో పెడితే జల్లు, హాల్లో పెడితే మనుషులు తగులుతారు. దాని పైకొసన కొన్ని వేల వోల్టులు ఉంటాయి కనుక చేయి తగలకూడదు. తలుపూ గడియా ఉన్న గది, పెరటి వైపు తీగ బయటికి పోవడానికి కిటికీ ఉన్న గది, ఇంట్లో ఒక్కటే. దాంతో స్నానాల గదిలో కుళాయి కట్టేసి, పీట వేసి, దాని మీద డ్రమ్మును ప్రతిష్ఠించాను. పరీక్ష ఉన్న రోజుల్లో గదికి తాళం. ఇంట్లో అందరూ తెల్లవారకుండా స్నానాలు ముగించుకోవాలి. “నీళ్లు పోసుకోడానికి ఆ వైజాగాయన సెలవు కూడా కావాలాండీ?” అని మా ఆవిడ ఒకసారి బిందె కింద పెట్టి అడిగింది.

ఆ వైజాగాయన నాతో పాటు ఉద్యోగ శిక్షణలో ఉన్న మిత్రుడు. నా సంకేతం అందుకోవడానికి ఒప్పుకున్నవాడు ఈ రాష్ట్రంలో అతనొక్కడే. ఊరికి దూరంగా, సముద్రం ఒడ్డున, చుట్టుపక్కల ఇళ్లు లేని ఒక పాత పెంకుటింట్లో అద్దెకి ఉండేవాడు. అక్కడ కరెంటు గోల లేదు. గాలిలో ఎంత బలహీనమైన సంకేతం ఉన్నా పట్టుకోగల నిశ్శబ్దం ఉండేది. అయితే ఆ ఇంటివాళ్లు ఇల్లు అమ్మేశారు. వేసవి దాటి తొలకరి పడేనాటికి అతను ఖాళీ చేసి, నగరం నడిబొడ్డున ఫ్లాటులోకి మారాలి. అక్కడికి వెళితే హోరు తప్ప ఏమీ వినబడదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. అంటే మా పెరటి నుంచి లాంగ్‌వేవ్ మీద ఒక్క అక్షరమైనా అంతదూరం చేరుతుందా లేదా అన్నది ఆ ఎండాకాలంలోనే తేలాలి. లేకపోతే ఇక తేలదు.

ఎత్తు కోసం నేను చూసినది మా పక్కింటి కొబ్బరి చెట్టును. మా పెరటి గోడకి ఆనుకుని, అటువైపు, రెండు చెట్లు ఉండేవి. ఆ ఇంటి యజమానురాలు మాకు చుట్టం కాదు గానీ, సందులో అందరం అత్తయ్యగారూ అనే పిలిచేవాళ్లం. ఆ చెట్లు ఆవిడ భర్త స్వయంగా పాతినవి. ఆయన పోయాక ఆవిడ వాటిని చూసుకునే తీరు చూస్తే, అవి చెట్లని అనడానికి నోరు వచ్చేది కాదు. గోడ పక్కదాన్ని పెద్దాడు అనీ, అవతలిదాన్ని చిన్నాడు అనీ పిలిచేది. బియ్యం కడుగు, అంట్ల నీళ్లు, పొయ్యిలో బూడిద, అన్నీ లెక్కగా ఇద్దరికీ చెరిసగం. మన కోనసీమలో చెట్టును అడగడం మడి చెక్కను అడగడంతో సమానం. ఊరికే పోయి కట్టేసుకోవడం ఉండదు. నేను ఒక సాయంత్రం వెళ్లి, ఆవిడ పెట్టిన పీట మీద కూర్చుని, సంగతంతా చెప్పాను.

“మేకు కొడతావా?” అని మొదటి ప్రశ్న. కొట్టనన్నాను. “ఆయ్. అయితే దింపుకి మనిషొచ్చిన రోజున తీగ విప్పేయాలి. గెల దాని మీద పడితే నాకు తెలీదు. కాయ పగిలితే నీకు తెలీదు.” ఒప్పుకున్నాను. “ఇంతకీ ఇందులోంచి పాటలొస్తాయా?” రావన్నాను. “వార్తలు?” అవీ రావన్నాను. ఆవిడ, “పోనీలే నాయనా, కొంతమంది సాయంత్రాలు చీట్లపేకకి పోతారు” అంది.

కాయలు దింపే అతనే చెట్టెక్కి తీగ కట్టాడు. మొవ్వకు కిందుగా, మానుకి మెత్తటి నైలాను తాడు చుట్టి, కరెంటు చెట్టులోకి పోకుండా దానికి పింగాణీ గుండు వేలాడదీసి, ఆ గుండుకి నా తీగ. అక్కడి నుంచి మా మేడ మీదున్న గొట్టానికి, మళ్లీ అక్కడి నుంచి స్నానాల గది కిటికీలోకి. అతను దిగివచ్చి కాళ్ల బందం విప్పుకుంటూ, “కట్టడం కట్టేను గానండీ, పైనించి ఎంత చూసినా మీ వైజాగు కనపళ్లేదండీ. కాకినాడ పొగ గొట్టాలేమో, అయ్యే కనపడ్డాయి” అన్నాడు.

ఏరియల్‌లోకి ఎంత కరెంటు పోతోందో చూసుకోవడానికి తీగ మొదట్లో ఒక చిన్న టార్చి బల్బు పెట్టాను. బల్బు వెలుగును బట్టి లెక్క. మొదటి ఆదివారం యంత్రం ఆన్ చేసి, చుట్ట లోపలి కడ్డీని అటూ ఇటూ జరిపి శ్రుతి కలిపితే, బల్బు నిద్ర లేవడానికి ఇష్టంలేని వాడి కన్నులా ఎర్రగా ఒక్క గీత తెరిచింది. అంతకు మించి తెరవలేదు. మధ్యాహ్నం దాకా పంపాను. మిత్రుడు ఫోను చేసి ఏమీ లేదన్నాడు. తర్వాతి ఆదివారమూ అంతే. యంత్రం బలం పెంచాను. బల్బు కొంచెం పెరిగింది. మిత్రుడికి మాత్రం ఏమీ అందలేదు. ఎండలు ముదురుతున్నాయి. అతను సామాన్లు సర్దడం మొదలుపెట్టానని చెప్పాడు.

అలాంటి సమయంలో అత్తయ్యగారు గోడ పక్కన నిలబడి నన్ను పిలిచింది. చెయ్యెత్తి పెద్దాడి కింది మట్టను చూపించింది. తీగ గాలికి ఊగినప్పుడల్లా తగిలే చోట ఆకు కొసలు మాడి గోధుమరంగులోకి తిరిగాయి. ఆవిడ చెంగులో పట్టెడు రాలిన పిందెలు ఉన్నాయి. అవి గోడ మీద ఒక్కొక్కటిగా పేర్చింది. “నీ తీగ నా చెట్టుని తినేస్తోంది నాయనా” అంది.

ఆకుల సంగతి నిజమని వెంటనే ఒప్పుకున్నాను. వేల వోల్టులు ఉన్న తీగ తడి ఆకును తాకితే మాడక మానదు. పిందె రాలడం మాత్రం ఎండ వల్లనని, నీటి ఎద్దడి వల్లనని చెప్పబోయాను. “చిన్నాడి మీద వేరే ఎండ కాస్తోందా?” అంది. ఇంకో రెండు మూడు ఆదివారాలు ఓపిక పట్టమని బతిమాలాను. మిత్రుడు ఇల్లు ఖాళీ చేస్తున్న సంగతీ చెప్పాను. ఆవిడ అంతా వింది. గొంతు పెంచలేదు. “నీ పని నీకు ముఖ్యం, కాదనను. ఆయన చేత్తో పాతిన చెట్టు మాడుతుంటే చూస్తూ కూర్చోమనడం నీకు భావ్యమా? రేపు దింపుకి మనిషిని పంపుతాను. తీయించేసెయ్” అని, పిందెలు మళ్లీ చెంగులో వేసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ పూట నేను అన్నం సరిగా తినలేదు. మా ఆవిడ, అత్తయ్యగారితో తగువు పెట్టుకుంటే మాత్రం ఊరుకోనని ముందే హెచ్చరించింది. తగువుకి తావు ఎక్కడ? చెట్టు ఆవిడది. మర్నాడు తీగ దిగింది. చుట్ట చుట్టి వరండాలో వంకెకి తగిలించాను. నాకు మిగిలినది మేడ మీది గొట్టం, పెరడు.

అలా తీగను చూస్తూ కూర్చున్న రెండు మూడు రోజుల్లోనే మరో వైపు ఆలోచన మొదలైంది. నిలువునా పైకి పోయే దారి మూసుకుపోయింది సరే, కింద ఏముంది? ఏరియల్ అంటే అందరూ ఆకాశం వైపు చూస్తారు గానీ, దానికి సగం ప్రాణం భూమిలో ఉంటుంది. పైకి ఎక్కిన కరెంటు భూమి గుండా తిరిగి రావాలి. రాతి నేలల వాళ్లు, ఇసుక నేలల వాళ్లు అక్కడే సగం బలం పోగొట్టుకుంటారు. పెద్ద పెద్ద మైదానాల్లో నిటారుగా స్తంభాలు నిలబెట్టుకున్న దొరలు పుస్తకాల్లో తమ నేల గురించి ఎంత ఏడ్చారో చదివాను. మనకి ఆ దుఃఖం ఎక్కడిది? పార వేస్తే చాలు చెమ్మ తగులుతుంది. వర్షాకాలం బావిలో నీళ్లు వంగి చెంబుతో ముంచుకోవచ్చు. చుట్టూ గోదావరి పాయలు, మధ్యలో కాలవలు, కాలవల మధ్య చిన్న చిన్న నీటి బోదెలు. ఇంత తడి నేల మీద కూర్చుని నేను ఆకాశం చాలలేదని కొబ్బరి చెట్టెక్కాను!

పాత సామాను దుకాణాల్లో దొరికినంత రాగి తీగ కొని తెచ్చాను. పనికిరాని బోరు గొట్టం ఒకటి బావి పక్కన దింపాను. పెరడంతా పాయలు తీశాం. అయినా మా పెరడు ఎంత? తీగ గోడ దగ్గరికి వచ్చి ఆగిపోయేది. గోడ అవతల అత్తయ్యగారి దొడ్డి, పొడుగ్గా కాలవ బోదె దాకా ఉంది. తీగ ఆ తడి దాకా చేరితే చాలు. అడగడానికి మొహం చెల్లలేదు. రెండుసార్లు ఆవిడ గుమ్మం దాకా వెళ్లి ఏదో కుశలం అడిగి వచ్చేశాను. మూడోసారి ఆవిడే, “ఏంటో అడగడానికొచ్చి అడక్కుండా పోతున్నావ్. చెప్పు” అంది. చెప్పాను. చెట్టు జోలికి రాననీ, జానెడు లోతున పాతి మట్టి కప్పేస్తాననీ, ఇందులో ఆకుల్ని కాల్చేంత వోల్టేజి ఉండదనీ చెప్పాను. “ముట్టుకుంటే?” అంది. ఏమీ కాదన్నాను. “నువ్వు ముట్టుకో ముందు” అంది. మా పెరట్లోకి వచ్చి నేను ముట్టుకునే దాకా చూసింది. ఆ తర్వాత, “పెట్టుకో నాయనా. నేల ఎంతమందినో మోస్తోంది, నీ తీగొకటి బరువా? కానీ నేను చూపించిన దారినే తవ్వాలి. వేరు తెగితే మళ్లీ మాట్లాడుకోవాల్సి ఉంటుంది” అంది.

ఆవిడ చూపించిన దారి సర్వేయరు గీసినట్టు ఉంది. పెద్దాడి పాదు చుట్టూ తిరిగి, పసుపు మొక్కల పక్క నుంచి, పెంట దిబ్బ వెనకగా, నేరుగా బోదె గట్టుకి. దింపు అతను గునపంతో ముందు, నేను తీగ పట్టుకుని వెనక, ఆవిడ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని మా ఇద్దరికీ మేస్త్రీ. ఎత్తు కోసం కాట్రేనికోన వైపు నుంచి రెండు పొడుగాటి సరుగుడు బాదులు తెప్పించి, ఒకదానికొకటి చేర్చి కట్టి, మేడ మీద మా హద్దులోనే, చెట్లకి దూరంగా ఉన్న మూల నిలబెట్టాం. కొబ్బరి చెట్టంత ఎత్తు లేదు. అందులో దాచుకోవడానికేమీ లేదు. మనసులో మాత్రం, ఉన్న కాస్త బలమూ సగానికి దిగుతుందనే అనుకున్నాను.

ఆ ఆదివారం పొద్దున్న యంత్రం ఆన్ చేసి, కడ్డీని జరపడం మొదలుపెట్టాను. బల్బు ఎర్రబడింది. ఇంకొంచెం జరిపాను. పసుపుపచ్చబడింది. ఇంకొంచెం జరపగానే స్నానాల గది గోడల మీద తెల్లటి వెలుగు పడి, టప్‌మని మాడిపోయింది. నేను గడియ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నా సర్వీసులో ఎన్ని మాడిపోయిన వస్తువులు చూసి ఎంత విసుక్కున్నానో లెక్కలేదు గానీ, ఒక వస్తువు మాడితే కళ్లు చెమర్చడం అదొక్కసారే.

తలుపు వేసి వచ్చి వరండాలో కూర్చుని ఆలోచిస్తే సంగతి బోధపడింది. నేల మేలు చేసింది, నిజమే. దానికంటే పెద్ద మేలు చెట్టుకు దూరం కావడం. కొబ్బరి చెట్టంటే ఏమిటి, నిలబెట్టిన నీళ్ల తొట్టే కదా! మానునిండా ఉప్పునీరు, తలనిండా తడి ఆకులు. నేను ఎత్తు దొరికిందని సంబరపడి తీగను తీసుకెళ్లి దాని నోటికి అందించాను. యంత్రం ఇచ్చిన బలమంతా అది తాగేసి, నాకు బల్బులో ఎర్రటి గీత వదిలింది. కోనసీమలో పుట్టి, కొబ్బరి నీళ్లు తాగి పెరిగినవాణ్ణి, చెట్టులో ఎంత నీరుందో మర్చిపోయి పుస్తకంలో ఎత్తు లెక్క ఒక్కటే చూసుకున్నాను. అత్తయ్యగారు ఆ రోజు కాస్త మెత్తబడి సరే పోనీలే అని ఉంటే, ఆ వేసవంతా ఆ చెట్టుకే ప్రసారం చేసుకుంటూ కూర్చునేవాణ్ణి.

ఈ సంగతి గోడ దగ్గర నిలబడి ఆవిడకి చెప్పాను. చెట్టే నా కరెంటు తాగేసిందండీ అన్నాను. ఆవిడ నవ్వి, “నీది దాన్ని తింటోందని నే చెప్పలా? అది నీదాన్ని తింటోందని ఇప్పుడు నువ్వు చెబుతున్నావు. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు తినేసుకుంటున్నారన్నమాట. మంచికే విడదీసేను” అంది.

మిత్రుడి ఇంట్లో ఆఖరి ఆదివారం వచ్చింది. కంప్యూటరు ఒక్కటీ వదిలి మిగిలిన సామానంతా లారీకి ఎక్కించానని ముందు రోజు చెప్పాడు. పొడుగు తరంగం మీద మాటలు పంపించే వీలు లేదు. చుక్క ఒక నిమిషం, గీత మూడు నిమిషాలు. లైసెన్సుతో పాటు ఇచ్చిన నా పిలుపు గుర్తు ఒక్కసారి పూర్తిగా పంపడానికి గంట దాటేది. అవతల అది వినబడదు, కంప్యూటరు తెర మీద మెల్లగా గీతలుగా తేలుతుంది. ట్రాక్టరు బ్యాటరీలు రెండు అరువు తెచ్చి, యంత్రానికి తగిలించి, ఉదయం ఫలహారం అయ్యాక మొదలుపెట్టాను. అత్తయ్యగారు వచ్చి వరండాలో కూర్చుంది. దింపు అతను కూడా వచ్చాడు. వాళ్లకు చూపించడానికి నా దగ్గర ఏముంది? అందుకని ఒక పాత ట్యూబులైటు తెచ్చి, దేనికీ తగిలించకుండా, తీగకు కాస్త దూరంలో పట్టుకున్నాను. నా చేతిలో అది దానంతట అదే వెలిగింది. అత్తయ్యగారు రెండు చేతులూ బుగ్గలకి ఆనించుకుంది. దింపు అతను, “మా ఇంటికాడా ఓ తీగ లాగండి బాబూ, కరెంటు బిల్లు తప్పుద్ది” అన్నాడు.

తర్వాత చూడడానికి ఏమీ లేదు. చుక్క, గీత, విరామం. అత్తయ్యగారు ఇంటికి వెళ్లి, పప్పు పొయ్యి మీద పడేసి తిరిగి వచ్చి, ఎంతదాకా వచ్చిందని అడిగింది. మూడో అక్షరంలో ఉన్నానన్నాను. “ఉత్తరం రాస్తే నయం కదూ” అంది. దింపు అతను, “ఆత్రేయపురంలో పూతరేకు తీసినట్టుందండీ. తొందరపడితే చిరుగుద్దేమో” అన్నాడు. ఇన్నేళ్లలో నా పనికి ఎవరూ అంత చక్కటి పోలిక చెప్పలేదు.

ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు ఫోను మోగింది. అవతల మిత్రుడు. “కనపడుతున్నావు గురూ. పల్చగా ఉన్నావు. కానీ నువ్వే” అన్నాడు. అక్షరం తర్వాత అక్షరం చదివాడు. నేను పంపినవి పంపినట్టే. మా స్నానాల గదిలోంచి బయలుదేరిన అక్షరాలు, అత్తయ్యగారి పసుపు మడి కింద నుంచి కాలవ తడి దాకా వేళ్లు తన్నుకుని, గోదావరి పాయలు దాటి, తీరం వెంట నడిచి నడిచి, ఒక ఖాళీ ఇంట్లో చాప మీద పెట్టిన తెర దాకా చేరాయి. ఫోను పెట్టేసి వరండాలోకి వచ్చి చేరిందన్నాను. మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి నా భుజం మీద చేయి వేసింది. అత్తయ్యగారు, “చేరిందని ఎలా తెలిసింది?” అని అడిగింది. ఫోను చేశాడన్నాను. “ఫోనుండగా ఇదెందుకు నాయనా?” అంది.

నవ్వాం గానీ, దానికి నా జవాబు అప్పుడూ ఇప్పుడూ ఒకటే. ఫోను తీగ నా చేతుల మీదుగా ఎన్ని ఊళ్లకి పోయిందో, అది నా ఉద్యోగం. దాన్ని ఎవరో కనిపెట్టారు, ఎవరో డబ్బు పెట్టారు. ఇది మా బియ్యం డ్రమ్ముతో, సరుగుడు బాదుతో, మా మట్టితో వెళ్లింది. రాజమండ్రి వాళ్లు తర్వాత ఒక రోజు కారు కట్టుకుని వచ్చి ఆ స్నానాల గది చూసి వెళ్లారు. వాళ్లలో పెద్దాయన చెప్పులు బయట విప్పి లోపలికి అడుగుపెట్టాడు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఛాతీ కొంచెం విప్పారుతుంది. దాచుకోవడం దేనికి?

తొలకరి పడ్డాక పెద్దాడి పిందె నిలిచింది. తీగ తీయించినందువల్లనని ఆవిడ, వాన పడినందువల్లనని నేను, చివరిదాకా ఎవరి మాట మీద వాళ్లం ఉన్నాం. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ సరుగుడు బాదు మీద నుంచి పంపుతూనే ఉన్నాను. ప్రతి దింపుకీ ఆవిడ రెండు కాయలు గోడ మీద పెట్టి, నేల అద్దె నువ్వు ఇవ్వాల్సింది పోయి నేను ఇస్తున్నాను చూడు అనేది.

ఆవిడ వెళ్లిపోయి చాలా కాలమైంది. ఆ దొడ్డి చేతులు మారి, ఇప్పుడక్కడ అయిదంతస్తుల భవనం ఉంది. పెద్దాడూ లేడు, చిన్నాడూ లేడు. కాలవ బోదె మీద సిమెంటు పలకలు పరిచారు. పొడుగు తరంగాల పట్టీ ఈమధ్య ఒకసారి తిప్పి చూశాను. ఇంటింటా ఇన్వర్టర్లు, చార్జర్లు, ఎల్ఈడీ దీపాలు, లిఫ్టు మోటార్లు, అన్నీ కలిసి అక్కడ రైలు వంతెన కింద నిలబడ్డంత గోల. ఆ గోలలో నిమిషానికో చుక్క ఎవరికి కనబడుతుంది? అయినా నా లెక్కల ప్రకారం ఒక దారి ఉంది. ఆ భవనం మేడ మీద ఒక్క గొట్టం నిలబెట్టుకోనిస్తే, ఎత్తు బాగా కలిసి వస్తుంది, పక్కన తాగేయడానికి చెట్టు కూడా లేదు. ఒక సాయంత్రం చొక్కా మార్చుకుని ఆ గేటు దాకా వెళ్లాను. లోపల చాలా ఇళ్లున్నాయి. కాదనడానికైనా, ఒప్పుకోవడానికైనా, అక్కడ ఎవరిని అడగాలో నాకు తెలియలేదు.